ఫాదరుగారి నల్ల పుస్తకం

(గ్రంథాలయంలో ఇచ్చిన సాయంకాల ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే.

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో ఓ పల్లె. గుడి పక్కనే ఫాదరుగారి బంగళా ఉండేది. 1960లలో మాట ఇది. పొద్దు వాలే వేళకు ఆయన వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఓ నల్ల పుస్తకం చదువుకునేవారు. అరచేతి కంటే కాస్త పెద్దది. కాగితాల అంచులకు బంగారు రంగు, లోపలి నుంచి నాలుగైదు రంగుల రిబ్బన్లు వేలాడుతుండేవి. మా పిల్లలకు వింతగా తోచింది పుస్తకం కాదు, ఆయన పెదవులు. గొంతు వినిపించదు, పెదవులు మాత్రం ఆగకుండా ఆడుతుంటాయి. ఎవర్నో తిట్టుకుంటున్నారని మావాడొకడు, కాదురా పరీక్షకు చదువుతున్నారని నేను, పందెం కూడా కాసుకున్నాం.

దాని పేరు బ్రెవియరీ అని చాలా ఏళ్ళకు తెలిసింది. కతోలిక గురువులు, అంటే ఫాదర్లు, మఠవాసులు రోజూ జాము జాముకూ చేయాల్సిన ప్రార్థనలన్నీ అందులో ఉంటాయి. ఒంటరిగా చదువుకునేటప్పుడు కూడా కళ్ళతో చూసుకుంటూ పోతే లెక్కలోకి రాదని, పెదవులతో పలకాలని అప్పటి నియమం. అందుకే ఆ పెదవులు. ఆ పుస్తకంలో ఉన్నదంతా మొదట ఒక్క మనిషి కోసం కూర్చింది కాదు. గుడిలో ఎదురెదురుగా రెండు వరసలు నిలబడి, ఓ చరణం వీళ్ళు, ఓ చరణం వాళ్ళు పాడుకోవడానికి పుట్టింది. నలభైమంది పాట నడుస్తున్న ఒక్క మనిషి పెదవుల మీదికి ఎలా వచ్చి చేరింది? నా అభిప్రాయంలో ఆ కథంతా పుస్తకం సైజులో ఉంది. ఏ సన్యాస సభవాళ్ళు ఎలా బతికారో వాళ్ళ ప్రార్థన పుస్తకం ఎంత బరువో చూస్తే చెప్పేయవచ్చు.

మొదట్లో దాదాపు పుస్తకమే లేదు. 6వ శతాబ్దంలో ఇటలీలోని మాంటె కాసినో కొండ మీద పునీత బెనెడిక్టు తన మఠానికి ఓ నియమావళి రాశారు. 73 అధ్యాయాలు. అందులో 8 నుంచి 20 దాకా ప్రార్థన గురించే. దానికి ఆయన పెట్టిన పేరు ‘దేవుని పని’. దానికన్నా ఏదీ ముందుకు రాకూడదన్నారు. రోజుకు ఏడుసార్లు నిన్ను స్తుతిస్తున్నానని, అర్ధరాత్రి లేచి స్తుతిస్తున్నానని బైబిలులోని కీర్తనల్లో ఉంది కదా, ఆ లెక్కనే పట్టుకున్నారు. రాత్రి ఒకటి, తెల్లవారుతుండగా ఒకటి, తర్వాత పగలంతా మూడు గంటలకోటి చొప్పున, పొద్దుగూకేటప్పుడు ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. 150 కీర్తనలూ వారంలో పూర్తి కావాలి. మన పూర్వులు ఒక్క రోజులో చేసిన పనిని వారం రోజుల్లోనైనా చేయకపోతే ఎలా అని చిన్న చురక కూడా వేశారు.

ఆ అధ్యాయాలు చదువుతుంటే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఆయనకు మనుషులు బాగా తెలుసు. నిద్రమత్తు వాళ్ళు సాకులు చెబుతారు కాబట్టి లేచేటప్పుడు ఒకర్నొకరు మెల్లగా ప్రోత్సహించుకోండి అంటారు. రాత్రి ప్రార్థన మొదట్లో వచ్చే ఒక కీర్తనను బాగా సాగదీసి చెప్పమంటారు, ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఈలోగా వచ్చి కలుస్తారని. అప్పటికీ రానివాడు అందరికంటే చివర నిలబడాలి. ఇంకో మాట చూడండి. వేసవిలో రాత్రి పొట్టి. అందుకని ఆ రోజుల్లో పుస్తకంలోంచి చదివే పాఠాలు మానేసి, పాత నిబంధనలోంచి చిన్న భాగం ఒకటి జ్ఞాపకం నుంచి చెప్పమన్నారు. అంటే పుస్తకం బల్ల మీద ఒకచోట ఉంటుంది, దీపం పెట్టి ఒకడు చదువుతాడు, మిగతావాళ్ళు వింటారు. కీర్తనలు మాత్రం ఎవరి బుర్రలో వాళ్ళకుంటాయి. రాత్రి ప్రార్థనకూ తెల్లవారు ప్రార్థనకూ మధ్య దొరికే సమయంలో, కీర్తనలు ఇంకా నోటికి రానివాళ్ళు వాటిని వల్లె వేసుకోవాలి. మన దగ్గర వేదం చెప్పుకునే పిల్లల్ని చూసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

తర్వాత శతాబ్దాల్లో ప్రార్థన పెరిగింది. పల్లవులు, స్తుతి గీతాలు, పునీతుల చరిత్రలు, పితృపాదుల (తొలి శతాబ్దాల క్రైస్తవ ఆచార్యుల) వ్యాఖ్యానాలు వచ్చి చేరాయి. ఒక్కోదానికి ఒక్కో పుస్తకం. కీర్తనలకు ఒకటి, పల్లవులకు ఒకటి, గీతాలకు ఒకటి, చదివే పాఠాలకు కొన్ని, చివర గురువు చెప్పే ప్రార్థనలకు ఇంకొకటి, ఈ రోజు ఏ పునీతుని పండుగో చెప్పేది మరొకటి. ఒక రాత్రి ప్రార్థన సరిగ్గా జరగాలంటే బల్ల మీద అరడజను పుస్తకాలు తెరిచి ఉండాలి. ఇబ్బందేమీ లేదు, ఎందుకంటే ఆ మఠవాసులు ఎక్కడికీ పోరు. అదే గుడి, అదే బల్ల, చచ్చేదాకా.

ఇలాంటి మఠాల్లో పాటల పుస్తకాలు చూశారంటే ఇద్దరు పట్టి ఎత్తాలి. స్పెయిన్‌లో ఎల్ ఎస్కోరియల్ మఠంలో అలాంటివి రెండు వందలకు పైగా ఉన్నాయి. అట్టలు చెక్కవి, మీద తోలు, మూలలకు ఇత్తడి బొడిపెలు. అక్షరం అంగుళాల్లో ఉంటుంది, సంగీతం గుర్తులు నలుచదరంగా, పంచదార పలుకుల్లా. అంత పెద్దగా ఎందుకంటే ఒక్క పుస్తకాన్ని మధ్యలో పీట మీద పెట్టి, కొవ్వొత్తి వెలుగులో అందరూ దూరం నుంచి చూసి పాడాలి. అందరూ ఒకే పేజీ వైపు చూడాల్సిందే. అక్కడ ఎవరికీ ‘నా పుస్తకం’ అనేది లేదు.

చేత్తో రాసే కాలం కదా, ఎక్కడి తప్పు అక్కడే ఉండిపోయేది. ఒక్కో మఠంలో ఒక్కో పాఠం. 1098లో సీటో దగ్గర మొదలైన సిస్టర్షియన్లకు ఇది నచ్చలేదు. తమ మఠాలన్నింటిలోనూ ఒకే పుస్తకాలు, ఒకే పాట ఉండాలన్నారు. అసలైన గ్రెగోరియన్ పాట (గుడిలో పాడే పాత లాటిన్ బాణీ) మెట్స్ నగరంలో దొరుకుతుందని విని అక్కడికి మనుషుల్ని పంపి నకలు రాయించుకున్నారు. తీరా చూస్తే ఆ పాట వాళ్ళ చెవికి ఎక్కలేదు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, తర్వాత తమ సభలోనే పేరుపడ్డ బెర్నార్డు గారి కాలంలో మళ్ళీ సవరించుకున్నారు.

కార్తూసియన్ల సంగతి కాస్త నిదానంగా చెబుతాను, నాకు ఇష్టమైనవాళ్ళు. 1084లో ఆల్ప్స్ కొండల్లో బ్రూనో మొదలుపెట్టిన సభ. ఒక్కొక్కరికి ఒక్కో చిన్న ఇల్లు. మాటలు తక్కువ. రాత్రి ప్రార్థనకు మాత్రం గుడిలో కలుస్తారు, పగటి జాముల్లో చాలావాటిని గదిలోనే ఒంటరిగా చెప్పుకుంటారు. అంటే నోటితో నలుగురికి బోధించే అవకాశం లేదు. అయిదో పెద్దగా ఉన్న గీగో 1120ల చివర్లో వాళ్ళ ఆచారాలను రాసిపెడుతూ, నోటితో చేయలేని బోధ చేతులతో చేస్తాం, అంటే పుస్తకాలు రాస్తాం అన్నారు. ఒక్కో గదిలో ఉండాల్సిన రాత సామాను పట్టిక కూడా ఇచ్చారు. రాత బల్ల, ఈక కలాలు, సుద్ద, నురుగు రాళ్ళు రెండు, సిరా కొమ్ములు రెండు, చిన్న కత్తి, తోలు గీకడానికి మంగలి కత్తులు రెండు, గీతలు గీసే బద్ద, దబ్బనం, సీసపు గుండు. ఎంత ముచ్చటైన పట్టికో చూడండి, పెళ్ళి సామాన్ల జాబితాలాగా. చదువుకోవడానికి తీసుకెళ్ళిన పుస్తకానికి పొగ తగలకూడదు, దుమ్ము పడకూడదు, మరక అంటకూడదని హెచ్చరిక. ఆ చేతులకు తెలుసు, ఒక్కో పేజీ కాగితం కాదు, గొర్రె తోలని.

ఇక అసలు మలుపు. 13వ శతాబ్దంలో కొత్తరకం సన్యాసులు వచ్చారు. ఒకచోట ఉండరు. ఊరూరా తిరిగి బోధిస్తారు, అడుక్కుని తింటారు. ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు. మరి వీళ్ళు జాము ప్రార్థన ఎలా చేయాలి? అరడజను పుస్తకాలు నెత్తిన పెట్టుకుని తిరగలేరు కదా. (నవ్వులు)

దారి అప్పటికే ఉంది. రోములో పోపు గారి కొలువులో పనిచేసే గురువులకు తీరిక ఉండదు, పోపు గారితో ప్రయాణాలు కూడా. వాళ్ళు ఆ పుస్తకాలన్నింటినీ కుదించి ఒకటిగా చేసుకున్నారు. పొడవైన పాఠాలను ముక్కలు చేశారు. ‘బ్రెవిస్’ అంటే లాటిన్‌లో పొట్టి. బ్రెవియరీ అంటే పొట్టి చేసింది. ఫ్రాన్సిస్కన్ సభను మొదలుపెట్టిన ఫ్రాన్సిస్ రాయగా 1223లో పోపు ఆమోదించిన నియమావళిలో మూడో అధ్యాయం ఇదే: చదువుకున్న సోదరులు రోము పద్ధతిలో ప్రార్థన చేయాలి, అందుకోసం బ్రెవియరీలు ఉంచుకోవచ్చు.

‘ఉంచుకోవచ్చు’ అనే మాట ఫ్రాన్సిస్ ఎంత టెన్షన్‌తో రాశారో ఆయన సహచరులు చెప్పిన ఓ సంగతి వల్ల తెలుస్తుంది. ఒక యువ సోదరుడు నాకో కీర్తనల పుస్తకం కావాలని వెంటపడ్డాడు. ఇద్దరూ నిప్పు దగ్గర కూర్చుని ఉన్నారు. ఫ్రాన్సిస్ అన్నారట: కీర్తనల పుస్తకం వచ్చాక నీకు బ్రెవియరీ కావాలనిపిస్తుంది. బ్రెవియరీ వచ్చాక పెద్ద పీఠాధిపతిలా కుర్చీలో కూర్చుని, ‘ఒరే, నా బ్రెవియరీ పట్రా’ అని నీ తోటి సోదరుడితో అంటావు. అంటూనే పొయ్యిలోంచి బూడిద తీసి తలంటుకున్నట్టు తన తలకు రుద్దుకుంటూ, ‘నాకు బ్రెవియరీ, నాకు బ్రెవియరీ’ అన్నారు. కుర్రాడు సిగ్గుతో బిక్కచచ్చిపోయాడు.

ఇంకోసారి ఇద్దరు కొడుకుల్ని సభకిచ్చిన ఒక ముసలి తల్లి సాయం అడగడానికి వచ్చింది. ఇవ్వడానికేమీ లేదు. రాత్రి ప్రార్థనలో పాఠాలు చదువుకునే కొత్త నిబంధన ఒక్కటి ఉంది. అదిచ్చేయండి, అమ్ముకుంటుంది, దాన్ని చదవడం కన్నా ఇవ్వడమే దేవుడికి ఇష్టం అన్నారు. పుస్తకాల చరిత్ర చెప్పేవాడిగా నాకు ఈ కథ గుచ్చుకుంటుంది. ఆ ప్రతి మిగిలి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటాను, వెంటనే నాలుక కరుచుకుంటాను.

ఫ్రాన్సిస్ పోయాక సభ పెరిగింది, బ్రెవియరీలూ పెరిగాయి. 1240లలో సభాధిపతిగా ఉన్న ఫావర్షామ్ ఊరి హేమో దాని నియమాలను శుభ్రంగా సవరించారు. ఆ చిన్న పుస్తకం సోదరుల జోలెల్లో యూరపంతా తిరిగింది. ఎక్కడి గురువులైనా దాన్ని చూసి, అరె, ఇదేదో సులువుగా ఉందే అనుకున్నారు. 1277–80 మధ్య పోపుగా ఉన్న మూడో నికొలాస్ రోము నగరంలోని గుడుల్లో దాన్నే వాడించారు. పోపు గారి ఇంటి పుస్తకం బిచ్చగాళ్ళ జోలెలో లోకమంతా తిరిగొచ్చి పోపు గారి గుడులనే ఆక్రమించిందన్నమాట.

డొమినికన్లు పద్ధతైన మనుషులు. ప్రార్థనను చురుగ్గా ముగించండి, భక్తి పోకూడదు, చదువూ చెడకూడదు అని వాళ్ళ శాసనంలోనే రాసుకున్నారు. 1256లో వాళ్ళ పెద్ద హంబర్ట్ సభ మొత్తానికి 14 పుస్తకాలు ఖరారు చేశారు. మూల ప్రతి ఇప్పటికీ రోములో ఉంది. దాంతో సరిచూసుకునే వీలుగా సభాధిపతి తన వెంట తిప్పుకోవడానికి ఒక చిన్న ప్రతి రాయించారు. అక్షరాలు చీమల్లా ఉంటాయి. అది ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

మరి చదువు రానివాళ్ళ మాటేమిటి? ప్రతి మఠంలోనూ వంట చేసేవాళ్ళు, పొలం చూసేవాళ్ళు, తలుపు దగ్గర ఉండేవాళ్ళు ఉంటారు. వాళ్ళూ సన్యాసులే. వాళ్ళకు పుస్తకం బదులు లెక్క ఇచ్చారు. ఫ్రాన్సిస్ నియమావళి ప్రకారం చదువు రాని సోదరుడు రాత్రి ప్రార్థనకు 24 పరలోక జపాలు (‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే ప్రార్థన) చెప్పాలి, తెల్లవారు ప్రార్థనకు 5, పగటి నాలుగు జాములకు ఏడేసి, సాయంత్రానికి 12, పడుకునే ముందు 7. మొత్తం 76. వేళ్ళ మీద ఎంతని లెక్కపెడతాడు? దారానికి ముడులు, తర్వాత పూసలు. 13వ శతాబ్దపు పారిస్‌లో ఈ పూసల దండలు చేసేవాళ్ళకు విడివిడి వృత్తి సంఘాలు ఉండేవి. ఎముక, కొమ్ముతో చేసేవాళ్ళు వేరు, పగడంతో చేసేవాళ్ళు వేరు. తర్వాతి కాలంలో 150 కీర్తనలకు బదులుగా 150 మంగళవార్త జపాలు (మరియతల్లికి చేసే చిన్న ప్రార్థన) స్థిరపడ్డాయి. దాన్ని ‘మరియతల్లి కీర్తనల గ్రంథం’ అనేవాళ్ళు. మా నాయనమ్మకు సంతకం రాదు. రాత్రి దీపం పెట్టాక జపమాల చెప్పించేది ఆమే. ఆ పూసల్లో ఉన్నది ఫాదరుగారి నల్ల పుస్తకమేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ అప్పుడు తెలియదు.

అచ్చుయంత్రం వచ్చాక ఏమైందో త్వరగా చెబుతాను. తేదీ ముద్రించిన మొట్టమొదటి అచ్చు పుస్తకాల్లో ఒకటి ఏదనుకున్నారు? 1457 ఆగస్టు 14న మైన్స్‌లో ఫుస్ట్, షోఫర్ అచ్చువేసిన కీర్తనల గ్రంథం. నలుపు, ఎరుపు, నీలం, మూడు రంగులు. రెండేళ్ళకే బెనెడిక్టు సభ మఠాల కోసం ఇంకో కూర్పు వేశారు. ఆ ఎరుపు గురించి ఒక మాట. పలకాల్సిన ప్రార్థన నల్ల సిరాతో, ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు వంగాలి అనే సూచనలు ఎర్ర సిరాతో ఉంటాయి. లాటిన్‌లో ‘రూబ్రికా’ అంటే జేగురు మన్ను. నల్లనిది చదువు, ఎర్రనిది చెయ్యి.

16వ శతాబ్దంలో కిన్యోనెస్ అనే ఫ్రాన్సిస్కన్ కార్డినల్ ఇంకా పొట్టి బ్రెవియరీ తయారుచేశారు. 1535లో వచ్చింది. పల్లవులు చాలావరకు తీసేశారు, ఒక్కో జాముకు మూడేసి కీర్తనలు, బైబిలు పాఠాలు ఎక్కువ. ఒంటరిగా చదువుకునేవాడికి హాయి. నూటికి పైగా ముద్రణలు పడ్డాయి. గుడిలో కలిసి పాడటానికి మాత్రం అది పనికిరాదు. జగడం అక్కడే. ఇది ప్రార్థన కాదు, చదువు అన్నారు వ్యతిరేకులు. చివరికి పోపు అయిదో పయస్ 1568 జూలై 9న దాన్ని రద్దుచేసి, అందరికీ ఒకే రోము బ్రెవియరీ ఇచ్చారు. అయితే ఒక మినహాయింపు పెట్టారు. మీ ఆచారం 200 ఏళ్ళకు తగ్గకుండా పాతదైతే దాన్నే ఉంచుకోండి అన్నారు. పయస్ స్వయంగా డొమినికన్. వాళ్ళ పుస్తకానికి అప్పటికే 300 ఏళ్ళు దాటింది, బతికిపోయింది. బెనెడిక్టు మఠాలు, కార్తూసియన్లు కూడా అంతే. కొత్త సభలకు ఆ అవకాశం లేదు. 1540లో పుట్టిన జెస్యూట్లయితే అసలు గుడిలో కలిసి పాడే పనే పెట్టుకోలేదు, పని ఎక్కడుంటే అక్కడికి పోవాలని. 18వ శతాబ్దం తొలి ఏళ్ళలో పుంగనూరు వైపు వచ్చిన ఫ్రెంచ్ జెస్యూట్ గురువుల బాధ్యత కూడా ఈ ఒంటరి బ్రెవియరీయే.

ఒక చిలిపి అధ్యాయం చెప్పకుండా ఉండలేను. ఎనిమిదో ఉర్బన్ పోపు కవి. పాత స్తుతి గీతాల్లో లాటిన్ ఛందస్సు కుంటుతోందని ఆయనకు బాధ. 1630ల మొదట్లో నలుగురు జెస్యూట్ పండితులతో వాటిని దిద్దించారు. తొమ్మిది వందలకు పైగా సవరణలు. పల్లెలో తరతరాలుగా పాడుకునే భజన కీర్తనకు ఎవరో పండితుడు వచ్చి గణాలు సరిచేసినట్టు! ‘లాటిన్ లోపలికొచ్చింది, భక్తి బయటికి పోయింది’ అని రోములోనే ఎగతాళి పుట్టింది. బెనెడిక్టు, డొమినికన్, కార్తూసియన్ సభలు తమ పాత పాటలనే పాడుకుంటూ కూర్చున్నాయి. వాళ్ళు చేసింది మంచి పనే అని నా ఓటు.

తర్వాతి రెండు వందల ఏళ్ళకు పైగా పునీతుల పండుగలు పెరుగుతూ పోయాయి. దీని వెనక చిన్న లోగుట్టు ఉంది. మామూలు ఆదివారం రాత్రి ప్రార్థనకు 18 కీర్తనలు, మామూలు రోజుకు 12. పునీతుని పండుగైతే తొమ్మిదే. ఇక పండుగలంటే ఎవరికి చేదు? అలా 150 కీర్తనల్లో చాలావి పుస్తకంలో ఉండి కూడా నోటికి రాకుండా పోయాయి. 1911లో పదో పయస్ కీర్తనల అమరికను మార్చి, వారానికి 150 అనే బెనెడిక్టు కాలపు లెక్కను మళ్ళీ నిలబెట్టారు. మా ఫాదరుగారి చేతిలో ఉన్నది ఆ వంశంలోదే.

1963లో రెండో వాటికన్ మహాసభ దాన్ని మళ్ళీ మార్చమంది. కీర్తనలకు వారం బదులు నాలుగు వారాలు గడువు వచ్చింది. ఒక జాము ప్రార్థనను పూర్తిగా తీసేశారు. శాపనార్థాలున్న మూడు కీర్తనలు వదిలేశారు. రాత్రి ప్రార్థన ‘పఠనాల ప్రార్థన’గా మారింది, ఏ వేళలోనైనా చెప్పుకోవచ్చన్నారు. 1970లో ఆరో పౌలు ఆమోదించిన ఆ కూర్పు లాటిన్‌లో నాలుగు సంపుటాలు. ఎవరి భాషలో వాళ్ళు చెప్పుకోవచ్చు, గృహస్థులూ చెప్పుకోవచ్చు. బళ్ళు, ఆసుపత్రులు నడిపే కన్యాస్త్రీలు అంతకుముందు చాలాచోట్ల మరియతల్లి చిన్న ప్రార్థన పుస్తకంతోనే సరిపెట్టుకునేవారు. చదువుకున్న సిస్టర్లకు ఒక పుస్తకం, వంటింటి సిస్టర్లకు పూసలు అనే తేడా కూడా ఆ మహాసభతోనే పోయింది. నన్నడిగితే ఆ మార్పులన్నింటిలో పెద్దది అదే.

నేను ఇక ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: ఇప్పుడు చాలామంది ఫాదర్లు ఫోనులో చదువుకుంటున్నారు కదండీ?)

అవును. నడుస్తూ చదువుకోవడానికి ఫోను కన్నా చిన్న పుస్తకం ఏముంది? రిబ్బన్లు మార్చుకునే బాధ కూడా లేదు. (నవ్వులు) కాకపోతే ఇప్పటి పిల్లలు ఆయన మెసేజిలు చూసుకుంటున్నారని పందెం కాస్తారు.

(ఒక మహిళ: ఫ్రాన్సిస్ చివరికి బ్రెవియరీ పెట్టుకున్నారా, లేదా?)

పెట్టుకున్నారమ్మా. మంచి ప్రశ్న. ఆయన వాడిన ప్రతి ఇప్పటికీ అస్సీసిలో, ఆయన శిష్యురాలు పునీత క్లార పేరున్న మఠంలో ఉంది.  ఆయన పోయాక లియో, ఆంజెలో అనే ఇద్దరు సోదరుల దగ్గర ఉంది. క్లార చనిపోయాక ఆ మఠానికి పెద్దగా వచ్చిన బెనెదెత్త అమ్మగారికి దాన్ని అప్పగిస్తూ, మా తండ్రి గుర్తుగా దీన్ని ఎప్పటికీ ఇక్కడే ఉంచండి అని లియో అందులోనే తన చేత్తో రాశారు. రోడ్లమీద తిరగడానికి చేసిన పుస్తకం, గడప దాటని అక్కచెల్లెళ్ళ దగ్గర దాదాపు ఎనిమిది వందల ఏళ్ళుగా ఉంది. లియో ఇంకో వాక్యం కూడా రాశారు. ఒంట్లో బాగున్నన్నాళ్ళు ఆయన ఇందులోంచి చదువుకునేవారు, జబ్బుపడి చదవలేకపోయినప్పుడు పక్కన ఎవరైనా చదువుతుంటే వినేవారు.